గడప దగ్గర ఆగిన కాలు

పాండూరులో మా పెద్దమ్మ ఇంట్లో నడవలోంచి వంటింట్లోకి పోవాలంటే ఒక గడప దాటాలి. ఎత్తు రెండంగుళాలు. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన పాత టేకు గడప. పెళ్ళై ఆ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆవిడ దాన్ని ఎన్ని వేలసార్లు దాటిందో లెక్కలేదు. మొన్న నేను వెళ్ళినప్పుడు నాకు కాఫీ కలపడానికి లేచింది. నడవంతా బాగానే నడిచింది. గడప ముందుకొచ్చి నిలబడిపోయింది. పాదాలు నేలకు అతుక్కుపోయాయి. మడమలు మాత్రం సన్నగా అదురుతున్నాయి. ఒళ్ళు ముందుకు వాలుతోంది గానీ కాళ్ళు రావడం లేదు. చెయ్యి చాచి తలుపు రెక్క పట్టుకుంది.

"కాళ్ళకు బంక పూసినట్టుండాది రా నాయనా. పోదామంటే పోనీదు."

మా వదిన గొంతు తగ్గించి నాతో అంది: "పోయిన నెల తిరుత్తణి కొండకు పోతే కింద నుంచి నూటెనిమిది మెట్లు ఎక్కేసింది. ఇంట్లో ఈ గడప దాటలేదంట. మాకేమర్థం కావాల, నువ్వే చెప్పు?"

వదిన మాటలో కోపం లేదు. అలసట ఉంది, అనుమానం ఉంది. పార్కిన్సన్స్ జబ్బున్న మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం తలెత్తుతుంది. మెట్లెక్కే మనిషి నేల మీద ఎందుకు నడవలేదు? కావాలని చేస్తోందా? మనసు పెట్టడం లేదా? పెద్దమ్మ నాటకమాడటం లేదు. గడప దాటించే దారి, మెట్టెక్కించే దారి మెదడులో ఒకటి కావు. ఒకటి పూడుకుపోయింది, రెండోది తెరిచే ఉంది. ఈ సంగతి మా వదినకు విడమర్చి చెప్పాలని కూర్చుని, చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

పాండూరు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో ఉంటుంది. చెన్నై నుంచి తిరుపతికి బస్సులో పోయినవాళ్ళు ఆ ఊరు దాటే ఉంటారు. చుట్టూ చెరువులు, వరి మళ్ళు. దగ్గరలోనే పూండి జలాశయం. కండలేరు నుంచి కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళు ఆగేది అక్కడే. చెరువు కింద సేద్యం తెలిసిన ఊరు కాబట్టి, మెదడు గురించి చెప్పడానికి నాకు తూము కన్నా మంచి పోలిక దొరకలేదు.

మూసి ఉండటమే పని

మెదడు పని అంటే మనకు గుర్తొచ్చేది ఉత్తరువులు పంపడం. "నడువు" అంటే కాలు నడుస్తుంది, "పట్టుకో" అంటే చెయ్యి పట్టుకుంటుంది. ఇందులో సగమే నిజం. ఏ క్షణంలోనైనా మన ఒళ్ళు చేయగల పనులు వందల్లో ఉంటాయి. అన్నీ ఒక్కసారి మొదలైతే మనిషి కొట్టుకుంటాడు తప్ప నడవడు. కాబట్టి మెదడుకు మొదటి పని, అన్నిటినీ ఆపి ఉంచడం. అందులోంచి ఒక్కదాన్ని వదలడం రెండో పని.

మనిషి మెదడులో దాదాపు 8600 కోట్ల నాడీకణాలున్నాయి. న్యూరాన్లన్నా అవే. వాటిలో స్థూలంగా రెండు జాతులు. తన మాట అందుకున్న పక్క కణాన్ని "పలుకు" అని రెచ్చగొట్టేవి మొదటి జాతి. పెద్దమెదడు పైపొరలో త్రికోణాకారంలో ఉండే పిరమిడ్ కణాలు అలాంటివి. వాటి తోకలు చాలా పొడుగు. మాడు కింద మొదలైన తోక వెన్నుపాము చివరిదాకా దిగుతుంది. రెండో జాతి పక్క కణాన్ని "ఊరుకో" అని అణచేవి. గాబా అనే రసాయనం వదిలి నోరు మూయిస్తాయి. పైపొరలో ఇవి ఐదింట ఒక వంతు ఉంటాయి. మెదడు లోతుకు దిగితే మాత్రం కొన్నిచోట్ల అంతా వీటి రాజ్యమే.

అలాంటి చోటే బేసల్ గాంగ్లియా. రెండు చెవుల మధ్య గీత గీస్తే ఆ గీతకు కాస్త పైన, మెదడు నడిబొడ్డున ఉన్న కణాల ముద్దలు ఇవి. వీటి చివరి గది పేరు గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం. ఇక్కడి కణాలు మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా సెకనుకు 60, 70 సార్లు పలుకుతూనే ఉంటాయి. అవి పలికినంతసేపు థాలమస్ అనే కూడలి నోరెత్తలేదు. థాలమస్ నోరెత్తకపోతే కదలిక మొదలు కాదు. చెరువు తూముకు బిరడా బిగించినట్టు. చెరువు నిండుగా ఉంది, చేను ఎండుతోంది, తూము మాత్రం మూసి ఉంది. అది చెడిపోయి మూసుకుపోలేదు. మూసి ఉండటమే దాని పని.

మరి తెరిచేదెవరు? ఆ గదికి పైన స్ట్రయేటం అనే పెద్ద గది ఉంది. ఇక్కడివి ముళ్ళ కణాలు. కొమ్మల నిండా సన్నటి ముళ్ళలాంటి బుడిపెలుంటాయి కాబట్టి ఆ పేరు. ఒక్కో కణానికీ పెద్దమెదడు నుంచి వేలకొద్దీ కబుర్లు వచ్చి పడతాయి. అయినా అది తొందరపడదు. చాలాసేపు మౌనంగా ఉండి, కబుర్లన్నీ ఒకే దిక్కుకు మొగ్గినప్పుడే పలుకుతుంది. ఇది కూడా అణచే జాతి కణమే. అణచే కణం పలికి మరో అణచే కణాన్ని అణిచిందనుకోండి, ఏమవుతుంది? బిరడా లేస్తుంది. థాలమస్‌కు ఊపిరాడుతుంది. కాలు కదులుతుంది. ఆపేవాణ్ణి ఆపడమే మెదడు భాషలో "కానివ్వు" అనడం. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ముళ్ళ కణాల్లోనూ రెండు తెగలు. ఒక తెగ నేరుగా బిరడా ఎత్తేస్తుంది. రెండో తెగ చుట్టుదారిలో పోయి, మధ్యలో ఇంకో రెండు గదులను కదిపి, చివరికి బిరడాను మరింత బిగిస్తుంది. ఒక మడికి నీళ్ళు వదలాలంటే పక్క మళ్ళకు మడవ కట్టెయ్యాలి కదా. రెండు తెగలూ కలిసి పనిచేస్తేనే నీళ్ళు కావలసిన మడికి పోతాయి.

నీరుగంటి

మా వైపు చెరువుకు నీరుగంటి ఉండేవాడు. ఏ రోజు ఏ తూము ఎంత తెరవాలో అతనికి తెలుసు. రైతులు పోట్లాడుకున్నా అతని చేతిలో పార ఉంటే ఊరికి అన్నం దొరికేది. మెదడులో ఆ పని చేసేది డోపమైన్ కణం.

మెదడు కాండంలో, ముళ్ళ కణాల గదికి బాగా కింద, రెండు వైపులా నల్లటి చారలాంటి చోటు ఉంది. నల్ల పదార్థం అనే అర్థంలో దానికి సబ్‌స్టాన్షియా నైగ్రా అని పేరు పెట్టారు. అక్కడి కణాల్లో నల్లటి వర్ణకం పోగుపడుతుంది. 8600 కోట్లలో ఇవి కొన్ని లక్షలు మాత్రమే. కానీ ఒక్కో కణం తోక స్ట్రయేటంలోకి పోయి చింతచెట్టులా కొమ్మలేసి లక్షల చోట్ల తాకుతుంది. తాకిన చోటల్లా డోపమైన్ చిలకరిస్తుంది. డోపమైన్ తగిలితే తూము తెరిచే తెగకు హుషారొస్తుంది. బిగించే తెగ సడలుతుంది. ఒకే రసాయనానికి రెండు తెగల్లో రెండు ఫలితాలు, ఎందుకంటే దాన్ని అందుకునే తలుపులు ఆ తెగలకు వేరువేరు.

నీరుగంటికి ఇంకో గుణం కూడా ఉంది. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు దాన్ని బయటపెట్టాయి. అనుకోకుండా పళ్ళరసం చుక్క దొరికితే ఈ కణాలు గట్టిగా పలికాయి. దొరుకుతుందని ముందే తెలిసిపోతే, దొరికినా పట్టించుకోలేదు. దొరకాల్సింది దొరక్కపోతే పలకడం మానేశాయి. అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడా ఎంతో అవి చెబుతున్నాయన్నమాట. ఆ లెక్కను షుల్ట్జ్, దయాన్, మాంటగ్యూ 1997లో వివరించారు. ఈ అడుగు వేస్తే మంచిదా, వేయకపోతే మంచిదా అని ముళ్ళ కణాలకు నేర్పేది ఈ తేడాయే.

ఇంత పని చేసే కణానికి తిండి కూడా ఎక్కువే కావాలి. మనిషి బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు. ఒంటికి అందే శక్తిలో అది తినేది నూటికి ఇరవై. ఆ ఖర్చు ఏటీపీ అనే అణువుల రూపంలో జరుగుతుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంవాడు, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినవాడు. కణం ఒక్కసారి పలికితే లోపలికి చొరబడిన సోడియంను మళ్ళీ బయటికి తోడాలి. ఆ తోడుడుకు ఏటీపీ ఖర్చవుతుంది. ఎవరూ అడగకపోయినా తనంతట తాను రాత్రీపగలూ పలుకుతుండే డోపమైన్ కణం, అన్ని లక్షల కొమ్మలను పోషించాల్సిన కణం, వయసు మీద పడేసరికి ముందుగా చితికిపోవడానికి ఈ భారం కూడా ఒక కారణమని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. సగానికి సగం కణాలు పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. తర్వాత చెయ్యి వణుకుతుంది, సంతకం చిన్నదవుతుంది, నడకలో చెయ్యి ఊగడం ఆగిపోతుంది. మా పెద్దమ్మకు మొదట తెలిసింది ముగ్గులో. చుక్కలు దగ్గర దగ్గరగా పడసాగాయి. ఏడేళ్ళనాటి మాట. అప్పుడెవరూ దాన్ని జబ్బనుకోలేదు, చూపు మందగించిందనుకున్నారు.

నీరుగంటి లేని చెరువులో నీళ్ళకు కొరత లేదు. కాళ్ళలో బలం తగ్గలేదు, దాటాలన్న తలపు తగ్గలేదు. తూము బిగుసుకుపోయింది, అంతే. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాశాడు. కారణం తెలియడానికి ఇంకో నూట నలభై ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన నేల మీద పెరిగే రెండు మొక్కలున్నాయి.

కంచె మీది కాయ

దూలగొండి తెలియని పల్లెటూరి పిల్లలుండరు. చిక్కుడు కాయలాగే ఉంటుంది. పైన బంగారు రంగు నూగు. ఆ నూగు ఒంటికి తగిలితే గోకి గోకి చర్మం ఊడొస్తుంది. తమిళంలో దాన్ని పూనైక్కాలి అంటారు, పిల్లికాలు అని. కాయను చూసినవాళ్ళు పెట్టిన పేరు అది. తాకినవాళ్ళు పెట్టిన పేరు మనది.

ఆ దురద కూడా నాడీకణాల పనే. నూగులో ఉన్న ఒక ఎంజైమ్ చర్మంలోని సన్నటి నాడుల కొనలను కదుపుతుంది. ఈ నాడులకు కొవ్వు తొడుగు ఉండదు. అందుకే కబురు వీటిలో నింపాదిగా, సెకనుకు ఒక మీటరు, మహా అయితే రెండు మీటర్లు నడుస్తుంది. కాలి కండరానికి ఉత్తరువు మోసే లావు నాడికి తొడుగుంటుంది, అది సెకనుకు వంద మీటర్ల దాకా పోగలదు. కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు కాలు ముందు ఎగిరి, అసలు మంట ఆ తర్వాత తాపీగా తెలిసేది అందుకే.

ఆ కాయ లోపలి గింజలో ఇంకో సంగతి ఉంది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం వారి చేపాక్ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. పాండూరు నుంచి బయల్దేరితే పూటలో చేరుకునే చోటు. ఎల్-డోపాను అప్పటికి పాతికేళ్ళ ముందే యూరప్‌లో ఒక రకం చిక్కుడు నుంచి తీశారు. తీసిన గుగ్గెన్‌హైమ్ తానే రెండున్నర గ్రాములు మింగి వాంతి చేసుకున్నాడు. దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియలేదు. చేపాక్‌లో తీసినప్పుడు కూడా అది ఒక రసాయన శాస్త్ర ఫలితమే. మెదడుతో దానికి సంబంధం ఉందని ఊహించేందుకు ఆనాటికి ఆధారమే లేదు.

రెండో మొక్క సర్పగంధి. రక్తపోటుకూ మతిచాంచల్యానికీ మన వైద్యులు వాడుతూ వచ్చిన వేరు. అందులోని రిసర్పిన్‌ను 1952లో వేరుచేశారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్ళకు ఎక్కించాడు. చెవులు వాలిపోయాయి, కాళ్ళు బిగుసుకున్నాయి, కుందేళ్ళు బొమ్మల్లా కూలబడ్డాయి. అప్పుడు ఎల్-డోపా ఇచ్చాడు. కాసేపటికే చెవులు నిక్కబొడుచుకుని గంతులేశాయి. రిసర్పిన్ మెదడులోని డోపమైన్ నిల్వలను ఊడ్చేసింది, ఎల్-డోపా మెదడులోకి పోయి డోపమైన్‌గా మారి వాటిని నింపింది. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్ళు పరీక్షించి, స్ట్రయేటంలో డోపమైన్ అడుగంటిందని తేల్చారు. మరుసటి ఏడాదే రోగులకు ఎల్-డోపా సూది వేశారు. మంచం దిగలేనివాళ్ళు లేచి నడిచారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

పెద్దమ్మ పొద్దున్నే మింగే మాత్రలో ఉన్నది అదే ఎల్-డోపా, వాంతులు రాకుండా కార్బిడోపా తోడు చేసి. పప్పు, గుడ్డు, పాలు తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే సరిగా పట్టదు, ఎందుకంటే మాంసకృత్తుల ముక్కలూ ఎల్-డోపా కూడా మెదడులోకి ఒకే ద్వారం గుండా పోవాలి, తోపులాటలో మాత్ర వెనకబడుతుంది. అన్నానికి అరగంట ముందే వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకు. దూలగొండి గింజల పొడినే మందుగా పరీక్షించినవారూ ఉన్నారు. 2004లో లండన్‌లో 8 మంది మీద చూస్తే అది మామూలు మాత్ర కన్నా త్వరగా పనిచేసింది. అలాగని కంచె మీది కాయ కోసుకొచ్చి ఇంట్లో దంచుకోవడం ప్రమాదం. ఏ గింజలో ఎంత మందుందో కంటితో తెలియదు, మాత్రకు తోడు అదీ పడితే ఒళ్ళు మెలికలు తిరిగిపోతుంది.

ఇరుకు తలుపు లెక్క

మాత్ర వేసుకున్నాక పెద్దమ్మ చెయ్యి వణుకు తగ్గింది. ముఖంలో నవ్వు తిరిగొచ్చింది. గడప దగ్గర ఆగడం మాత్రం పూర్తిగా పోలేదు. ఇది ఆమె ఒక్కదానికే వచ్చిన చిక్కు కాదు. జబ్బు ముదిరినకొద్దీ చాలామందికి నడకలో ఈ బిగువు వస్తుంది. మలుపుల్లో, జనం మధ్య, ముఖ్యంగా ఇరుకు తలుపుల దగ్గర.

తలుపు దగ్గరే ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకున్నవారిలో మనవారొకరున్నారు. చెన్నైలోని ఐఐటీ మద్రాసులో వి. శ్రీనివాస చక్రవర్తి కంప్యూటర్ నమూనాలతో మెదడును అధ్యయనం చేస్తారు. తెలుగులో శాస్త్ర విషయాలు రాసేవారికి ఆయన పేరు కొత్త కాదు. భారతీయ భాషలన్నిటికీ పనికొచ్చేలా భారతి అనే లిపిని రూపొందించినదీ ఆయనే. 2014లో ఆయన బృందం ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి పార్కిన్సన్స్ రోగి ఇరుకు తలుపు దాటడం మీద ఒక నమూనా ప్రచురించింది. కంప్యూటర్‌లో ఒక నడిచే జీవి. ఎదురుగా తలుపు, కొన్నిసార్లు వెడల్పుగా, కొన్నిసార్లు ఇరుకుగా. ప్రతి అడుగుకూ ఆ జీవి తానున్న చోటు ఎంత మంచిదో బేరీజు వేసుకుంటుంది. ముందు చెప్పిన నీరుగంటి లెక్క ఇదే. డోపమైన్ తగినంత ఉంటే ఇరుకు తలుపునైనా దాటుకుపోతుంది. తగ్గిస్తే, తలుపు దగ్గరయ్యేకొద్దీ అడుగు పొట్టిదవుతుంది, వేగం తగ్గుతుంది. రోగుల నడకను కొలిచినప్పుడు కనిపించేదీ ఇదే.

చక్రవర్తి బృందం చాలా ఏళ్ళుగా చెబుతున్న మరో మాట నాకు నచ్చింది. చుట్టుదారి తెగ ఒట్టి బిగించే పనే చేస్తుందని పాఠ్యపుస్తకాలు అంటాయి. వీరు, అది వెతికే పని కూడా చేస్తుందంటారు. వెళ్ళాలా, ఆగాలా తేలనప్పుడు కాస్త అటూ ఇటూ ప్రయత్నించి చూసే వెసులుబాటు ఆ దారిలో ఉందట. డోపమైన్ తగ్గితే ఆ దారిలోని కణాలు ఎవరికి వారు పలకడం మాని, అన్నీ ఒకే తాళంలో పడిపోతాయి. గుంపంతా ఒకే మాట అంటుంటే కొత్త ఆలోచనకు చోటెక్కడిది? గడప దగ్గర పెద్దమ్మ మడమలు అదిరిన తీరు చూసినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. ఆ కాళ్ళు ఊరికే లేవు. దారి వెతుకుతున్నాయి, దొరకడం లేదు.

మెట్ల దారి

ఇప్పుడు వదిన ప్రశ్నకు వద్దాం. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు, ఏడాదికెన్ని రోజులో అన్ని. డిసెంబరు 31న ఒక్కో మెట్టుకూ పూజ చేస్తూ పాడుతూ ఎక్కుతారు. ఘాట్ రోడ్డు ఉన్నా, మొక్కుకున్నవాళ్ళు కాలినడకనే పోతారు. పెద్దమ్మ కూడా కారు దిగి, "రొంత దూరమైనా మెట్లెక్కాల్సిందే" అని పట్టుబట్టి నూటెనిమిది ఎక్కింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదట.

చదును నేల మీద నడిచేటప్పుడు తర్వాతి అడుగు ఎప్పుడు, ఎంత దూరం అని చెప్పేది బయట ఏదీ లేదు. లోపలి నుంచే రావాలి. ఆ పని పెద్దమెదడు నడిమి భాగంలో ఉన్న ఒక ముక్కదీ, బేసల్ గాంగ్లియాదీ. ఎన్నో ఏళ్ళ అలవాటుతో మనం తలవకుండానే అది జరిగిపోతుంది. నీరుగంటి పోతే ముందు చెడేది ఈ దారే.

మెట్టు అలా కాదు. అంచు కళ్ళెదుట ఉంది. ఇక్కడ పాదం పెట్టు అని అదే చెబుతోంది. కంటి కబురు మెదడు వెనక భాగం నుంచి పక్కల మీదుగా ముందుకు వచ్చి, చిన్నమెదడును కలుపుకుని కాలికి చేరుతుంది. ఈ దారిలో బేసల్ గాంగ్లియా ప్రమేయం తక్కువ. తల వెనక కింద గుప్పెడంత ఉండే చిన్నమెదడులో మొత్తం నాడీకణాల్లో 6900 కోట్లు ఉన్నాయి, అంటే ఐదింట నాలుగు వంతులు. అక్కడి పర్కింజి కణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే విసనకర్రలా పరుచుకున్న రావిచెట్టు కనిపిస్తుంది. ఒక్కో చెట్టు మీద లక్షకు పైగా కబుర్లు వాలతాయి. కన్ను చెప్పినదానికీ కాలు చేసినదానికీ పొంతన కుదిర్చి, తేడా ఉంటే మరుసటి అడుగులో సరిదిద్దడం దాని విద్య. పార్కిన్సన్స్‌లో ఈ తోటకు తగిలే దెబ్బ తక్కువ.

పర్డన్ మార్టిన్ అనే లండన్ వైద్యుడు 1967 నాటికే ఈ వింతను రాసిపెట్టాడు. నేల మీద అడుగు దూరంలో అడ్డగీతలు గీస్తే, కదలలేని రోగులు ఆ గీతలు దాటుతూ చక్కగా నడిచిపోయారు. గీతలు నడక దిశలో నిలువుగా గీస్తే లాభం లేకపోయింది. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ఇంకో కేసు ప్రచురించారు. 58 ఏళ్ళ రోగి, రెండడుగులు వేస్తే పడిపోయేవాడు. సైకిల్ ఎక్కించి తోస్తే బ్యాలెన్స్ తప్పకుండా తొక్కి, మలుపు తిరిగి వచ్చాడు. దిగగానే కాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. కాళ్ళు అవే, మనిషి అతనే. దారి మారింది.

కుడి ఎడమ కాళ్ళు వంతులవారీగా పడటానికి మెదడు కూడా అక్కర్లేదు. వెన్నుపాములోనే ఆ తాళం ఉంది. గ్రాహమ్ బ్రౌన్ 1911లోనే పిల్లుల మీద దాన్ని చూపించాడు. ఒక కాలి ముందు కండరం బిగిసినప్పుడు వెనక కండరాన్ని సడలించే చిన్న కణాలు అక్కడున్నాయి. అవీ అణచే జాతివే. పైనుంచి "మొదలెట్టు" అన్న ఒక్క మాట అందితే చాలు, మిగతాది కిందివాళ్ళు చూసుకుంటారు. పెద్దమ్మకు కావాల్సింది ఆ ఒక్క మాట, ఏ దారిలో వచ్చినా సరే.

రెండు నాలుకల లాభం

నేనున్న రెండు రోజుల్లో వీధిలో పూలమ్మి కేక వినిపించగానే పెద్దమ్మ కిటికీలోంచి, "ఒరు ముళం ఎవ్వళవు మా?" అని అడిగేది. మూర ధర విని, నా వైపు తిరిగి, "ఈ రేటుకు కదంబమే వస్తాది రా" అనేది. రెండు వాక్యాల మధ్య కన్నార్పినంత విరామం కూడా లేదు. డబ్బులు తమిళంలో లెక్కపెడుతుంది, దేవుడికి తెలుగులో మొక్కుతుంది.

ఈ నేల మీద ఇది మామూలు. 1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాలో ఉండేది. కలమెత్తి సరిహద్దు గీత జరిపారు. ఇళ్ళల్లో భాష జరగలేదు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంట్లోనూ తెలుగే.

రెండు భాషల మనిషి ఒక భాషలో నోరు విప్పినప్పుడు రెండోది నిద్రపోదు. లోపల మేలుకునే ఉంటుంది, దాన్ని ఆపి ఉంచాలి. పూలమ్మితో మాట్లాడేటప్పుడు "మూర" ను ఆపి "ముళం" ను వదలాలి. మళ్ళీ తూము, మళ్ళీ బిరడా. భాష మార్చే పనిలో స్ట్రయేటంలో ఒక భాగమైన కాడేట్‌కు పాత్ర ఉందని 2006లో మెదడు స్కాన్లతో చూపించారు. పుట్టినప్పటి నుంచీ ఈ సాధన చేసిన మెదడుకు ఏమైనా మేలు జరుగుతుందా? హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్ళ కన్నా రెండు భాషలు వచ్చినవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఈ తేడా కనిపించడం ఆ పరిశోధనకు వన్నె తెచ్చింది. ఇది చదువు వల్ల వచ్చిన మేలు కాదా అన్న సందేహానికి అక్కడే జవాబు దొరికింది. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, తర్వాత తెలివి చెక్కుచెదరనివారు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్ళలో 19.6 శాతం. వేరే దేశాల్లో అన్ని అధ్యయనాల్లోనూ ఇంత తేడా రాలేదు. అయినా బడిలో, బస్సులో, సంతలో రోజంతా భాషలు మార్చుకునే మన జనంలో వచ్చిన ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పక్కింటి భాష నేర్వనక్కర్లేదని పిల్లలకు చెప్పే పెద్దలను చూస్తే బాధేస్తుంది.

పెద్దమ్మ జబ్బు వేరు. రెండు భాషలు ఆమె కాలిని విడిపించలేవు. కానీ ఏడేళ్ళ జబ్బు తర్వాత కూడా బేరమాడటంలో ఆమె పదును తగ్గలేదు. మూరకు నాలుగు వేళ్ళు ఎక్కువ కొలిపించుకునే పూలు తీసుకుంటుంది.

అంతా విని వదిన ఏమీ అనలేదు. మరుసటి రోజు తెల్లవారుజామున నిద్రలేచి చూస్తే, నడవలో గడపకు ఇవతల నేల మీద బియ్యప్పిండి కనిపించింది. వీధి వాకిట్లో ఎప్పటిలా తామర ముగ్గు. ఇక్కడ మాత్రం అడుగుకొకటి చొప్పున ఐదు అడ్డగీతలు. చివరి గీత గడపను ఆనుకుని ఉంది.

పెద్దమ్మ లేచి వచ్చింది. గీతలు చూసి ఆగింది.

"ఇదేం ముగ్గే, రైలు పట్టా మాదిరి?"

"దాటి చూడత్తా," అంది వదిన వంటింట్లోంచి.

పెద్దమ్మ మొదటి గీత వైపు చూసింది. కాలెత్తి దాటించింది. రెండోది దాటించింది. "మూడు, నాలుగు" అని తెలుగులో పైకే లెక్కపెట్టుకుంటూ ఐదోది దాటి, గడప దాటి, పొయ్యి దగ్గరకు పోయి నిలబడింది.

"పిండి కాళ్ళకంటింది. తుడిచిపెట్టు," అంది.

వదిన తుడవలేదు.